టికెట్ లేని మ్యూజియానికి నాన్నగారిని తీసుకెళ్లాలా? తీసుకెళ్లండి, కాకపోతే ఇలా

మీరు అడిగింది ఇదీ: మాంచెస్టర్‌లో ఉంటున్నారు, కాకినాడ నుంచి అమ్మానాన్నలు మూడు వారాలకి వస్తున్నారు, లివర్‌పూల్‌లో ఆ ఊరి చరిత్ర మీద పెద్ద మ్యూజియం ఉంది, టికెట్ లేదంటున్నారు, ఊరికే వస్తోందంటే లోపల ఏమీ ఉండదేమో, పైగా ఎవరిదో ఊరు ఎలా మారిందో మన పెద్దవాళ్లకి ఎందుకు అని. చివర్లో ఇంకో మాట రాశారు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే జగన్నాథపురంలో మీ వీధి మీకే కొత్తగా ఉందని, ఆటో అబ్బాయికి దారి చెప్పలేక చివరికి అమ్మకి ఫోన్ చేశారని. ఆ మాట చదివాకే నాకు జవాబు రాయాలనిపించింది.

నాదీ కాకినాడే. 2003 నుంచి లివర్‌పూల్లో ఉంటున్నాను, హాస్పిటల్లో పని. ఆ మ్యూజియం తెరిచినప్పటి నుంచి మా ఇంటికి వచ్చిన చుట్టాల్ని, స్నేహితుల్ని, స్నేహితుల అత్తమామల్ని కూడా తీసుకెళ్లి తీసుకెళ్లి ఆ మ్యూజియంలో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. నలభైసార్లు దాటి ఉంటుంది. అందులో పది పన్నెండు సార్లు పూర్తిగా వృథా, ఎందుకంటే ఎలా చూపించాలో నాకు తెలియలేదు. అది తెలిసింది మా నాన్నగారితో వెళ్లినప్పుడు.

ముందు ఆ ఫ్రీ సంగతి. ఇక్కడ పెద్ద మ్యూజియాలు చాలావాటికి టికెట్ ఉండదు, లివర్‌పూల్లోని జాతీయ మ్యూజియాలన్నీ 2001 చివరి నుంచి ఉచితమే. జనం కట్టిన పన్నులతో నడుస్తాయి కాబట్టి జనాన్ని మళ్లీ డబ్బులడగకూడదని వాళ్ల లెక్క. తలుపు దగ్గర ఒక డబ్బా ఉంటుంది, వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. కానీ మన పెద్దవాళ్లకి ఈ విషయం ముందే చెప్పి తీసుకెళ్లండి. మా నాన్నగారు లోపలికి రానన్నారు, గుమ్మం దగ్గరే ఆగిపోయి "టికెట్ ఎక్కడ తీసుకోవాలిరా, తర్వాత ఎవరైనా ఆపితే పరువు పోతుంది" అని. ఫ్రీ అని ఎంత చెప్పినా నమ్మరే! ఆ తర్వాత ఆయనే నవ్వుతూ దుర్గాబాయి కథ ఎత్తుకున్నారు. మీకూ తెలిసే ఉంటుంది, 1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు, అక్కడ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది, ఎవరో టికెట్ కొని తెచ్చాకే లోపలికి వదిలింది. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిన ఆవిడే. "కాకినాడ వాళ్లం, టికెట్ లేకుండా వెళ్లడం మనకి అలవాటు లేదు" అన్నారు నాన్నగారు. ఆ రోజు మొదటి కాకినాడ కథ మ్యూజియం బయటే వచ్చేసింది. ఇలాంటివి వస్తే తొందరపెట్టకండి, గాలి గట్టిగా కొడుతున్నా సరే, కాసేపు నిలబడండి.

ఇక మ్యూజియం సంగతి. దాని పేరే మ్యూజియం ఆఫ్ లివర్‌పూల్, 2011 జులైలో తెరిచారు, మెర్సీ నది ఒడ్డున, ఫెర్రీ పడవలు ఆగే పియర్ హెడ్ పక్కనే తెల్లరాతి భవనం. మాంచెస్టర్ నుంచి రైల్లో లైమ్ స్ట్రీట్ స్టేషన్లో దిగితే పెద్దవాళ్లతో నడవడానికి కొంచెం దూరమే, అక్కడినుంచి లోకల్ రైలు పట్టుకుని జేమ్స్ స్ట్రీట్‌లో దిగండి, ఐదు నిమిషాల నడక. కారులో వెళ్తే నది పక్క పార్కింగ్‌లో ఎంతసేపు ఉంటారో ఓ గంట ఎక్కువే కట్టుకోండి, నేను ఒకసారి గంట తక్కువ కట్టి టికెట్ లేని మ్యూజియానికి అరవై పౌండ్ల ఫైన్ కట్టిన మహానుభావుణ్ణి.

అందరూ చేసే తప్పు ఏమిటంటే కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో బోర్డూ చదువుకుంటూ పైకి వెళ్లడం. అరగంటకి పెద్దవాళ్ల మోకాళ్లు అయిపోతాయి, పిల్లలకి ఆకలేస్తుంది, మీరు గూగుల్ ట్రాన్స్‌లేట్ చేస్తూ ఉంటారు. బోర్డులు వదిలేయండి. తిన్నగా మొదటి అంతస్తుకి వెళ్లండి, ఓవర్‌హెడ్ రైల్వే పెట్టె దగ్గరికి.

ఇదేమిటంటే, 1893లో లివర్‌పూల్ రేవుల పక్కనే నది పొడవునా, నేల మీద కాకుండా ఇనుప స్తంభాల మీద ఒక కరెంటు రైలు వేశారు. ప్రపంచంలో అలా ఎత్తున కరెంటుతో నడిచిన మొదటి రైలు మార్గం అదే. రేవుల్లో పనిచేసే కూలీలంతా అందులోనే తిరిగేవాళ్లు, వానొస్తే దాని కింద నిలబడేవాళ్లు, అందుకే దానికి రేవు కూలీల గొడుగు అని పేరు. దాని కిందే రేవు సరుకు లాగే ఆవిరి ఇంజన్లు నడిచేవి, ఆ పొగకి, ఆవిరికి పైనున్న ఇనుము తుప్పుపట్టిపోయింది. బాగు చేయించాలంటే కంపెనీ దగ్గర అంత డబ్బు లేదు, ఎవరూ ఇవ్వలేదు, 1956 డిసెంబరు 30న ఆఖరి రైలు నడిపి మూసేశారు, ఆ తర్వాత మొత్తం విప్పి తుక్కుకి అమ్మేశారు. మిగిలిన ఒక పెట్టెని మ్యూజియంలో, అప్పట్లో రైలు ఎంత ఎత్తున నడిచేదో సరిగ్గా అంత ఎత్తున నిలబెట్టారు. లోపలికి ఎక్కి చెక్క బల్లల మీద కూర్చోవచ్చు.

ఎందుకు ముందు ఇక్కడికే రమ్మంటున్నానంటే, ఆ పెట్టెలో ఎప్పుడు చూసినా ఎవరో ఒక లివర్‌పూల్ ముసలాయనో ముసలావిడో మనవళ్లతో కూర్చుని ఉంటారు. వాళ్లు బోర్డులు చదవరు. చిన్నప్పుడు ఏ స్టేషన్లో ఎక్కాడో, కిటికీలోంచి ఏ ఓడలు కనిపించేవో మనవడికి చెబుతూ ఉంటారు, మనవడు ఫోన్ చూస్తూ ఉంటాడు. నేను చూసిన అన్ని మ్యూజియాల్లోకీ మంచి గైడ్లు వాళ్లే, జీతం లేని గైడ్లు.

2014 సెప్టెంబరులో నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టాను. ఆయన కాకినాడ పోర్టులో ముప్పై ఏళ్లు టాలీ క్లర్కు. మన కాకినాడ పాత రేవు పద్ధతి తెలుసు కదా, ఓడ ఒడ్డుకి రాదు, హోప్ ఐలాండ్ అడ్డున్న ఆ అఖాతంలో దూరంగా లంగరేసుకుని నిలబడుతుంది, సరుకంతా ఉప్పుటేరు లోంచి బార్జీల మీద, అంటే సరుకు పడవల మీద, వెళ్లి ఎక్కాలి. ఎన్ని బస్తాలు ఎక్కాయి, ఎన్ని దిగాయి అని నిలబడి లెక్క రాసేవాడే టాలీ క్లర్కు. ఎదుటి బల్ల మీద ఒక ఎనభై ఏళ్ల ఆయన కూర్చున్నాడు. మాట్లాడే యాస నాకే సగం అర్థం కాదు, నాన్నగారికి ఏం అర్థమవుతుంది అనుకున్నాను. ఆయన రేవులో పనిచేశాడు, కుర్రతనంలో. పొద్దున్నే అందరూ గుంపుగా నిలబడితే ఫోర్‌మన్ వచ్చి ఎవరి భుజం తడితే వాడికే ఆ రోజు పని, లేకపోతే ఇంటికే అని చెప్పాడు. అలా రోజు లెక్కన తీసుకునే పద్ధతి ఈ దేశంలో 1967 దాకా ఉంది. నేను తెలుగులో చెప్పేలోపే నాన్నగారు తలూపుతున్నారు, "మా మేస్త్రీలూ అంతేనండి" అని తెలుగులోనే ఆయనకి చెప్పారు. తర్వాత నా చేతిలో ఉన్న మ్యాప్ కాగితం లాక్కుని వెనక వైపు నాలుగు నిలువు గీతలు గీసి వాటి మీద ఒక అడ్డగీత కొట్టి చూపించారు, బస్తాల లెక్క. ఆ ముసలాయన జేబులోంచి పెన్ను తీసి పక్కనే అదే గీశాడు. తర్వాత ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది.

ఇంటికొచ్చే రైల్లో నాన్నగారు నాకు ఎప్పుడూ చెప్పనివి చెప్పారు. మొదటి జీతం ఎంతో, ఏ తుఫానులో ఎన్ని బార్జీలు తెగిపోయాయో, ఏటిమొగ దగ్గర ఎవరి కాఫీ హోటలుండేదో. ముప్పై ఏళ్లు ఆయన రోజూ పోర్టు నుంచే ఇంటికొచ్చారు, మేం ఒక్కరోజు కూడా అక్కడ ఏం జరుగుతుందని అడగలేదు.

అందుకే అంటున్నాను, ఎవరిదో ఊరు మనకెందుకు అనుకోకండి. సొంత ఊరి గురించి సూటిగా అడిగితే పెద్దవాళ్లు "ఏముందిరా, అప్పుడు బాగుండేది, ఇప్పుడు పాడైపోయింది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఇంకో ఊళ్లో వాళ్ల పనిలాంటి పని, వాళ్ల ఇల్లులాంటి ఇల్లు కనిపిస్తే మాత్రం "మా దగ్గర అలా కాదు" అని మొదలుపెడతారు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా.

రెండో అంతస్తులో కోర్టు ఇళ్లు అని ఒక భాగం ఉంటుంది. న్యాయస్థానం అనుకునేరు, కాదు. పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్లో పేదవాళ్లుండే ఇళ్ల వాడ, ఇరుకైన సందులోంచి లోపలికి వెళ్తే చిన్న వాకిలి, చుట్టూ ఒక గది మీద ఒక గది పేర్చినట్టుండే ఇళ్లు, అందరికీ కలిపి ఒకటే కుళాయి, ఒకటో రెండో మరుగుదొడ్లు. దాన్ని నడిచి చూసేలా మళ్లీ కట్టిపెట్టారు. మా అమ్మ ఓడలు, రైళ్లు అన్నీ చూసి "బాగున్నాయి" అని ఊరుకుంది, ఇక్కడికొచ్చేసరికి మాత్రం కదల్లేదు. "ఒక్క కుళాయికి ఇంతమందా, మరి వంతులు ఎవరు చూసేవాళ్లు?" అని మొదలుపెట్టి, దుమ్ములపేటలో తన చిన్నప్పటి వాటా ఇల్లు, వీధి కుళాయి దగ్గర బిందెల వరస, ఎవరి బిందె ఎవరు జరిపితే ఎవరు ఎవరితో ఏడాది మాట్లాడుకోలేదో, అన్నీ. ఇంగ్లీషువాళ్లు కూడా ఇలా బతికారని అప్పటిదాకా ఆవిడకి తెలియదు, నిజానికి ఆ విషయం ఆవిడకి కొంచెం తృప్తిగానే ఉన్నట్టనిపించింది.

మ్యూజియంలో ఇంకా బోలెడున్నాయి. 1838లో తయారైన లయన్ అనే ఆవిరి ఇంజను ఉంది, పిల్లలకి నచ్చుతుంది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ 1957లో మొదటిసారి కలిసిన చర్చి హాలు స్టేజీ ఉంది, మీకు పాటల పిచ్చి ఉంటే అది. చూడకుండా రావద్దని చెప్పేది ఒకటుంది, పెద్ద చెక్క కేథడ్రల్ నమూనా. 1930లలో లివర్‌పూల్ క్యాథలిక్కులకి లట్యెన్స్ అనే ఆర్కిటెక్టు గీసిచ్చాడు, ఢిల్లీలో రాష్ట్రపతి భవన్, నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టినాయనే. కట్టి ఉంటే ప్రపంచంలోకెల్లా పెద్ద గుమ్మటం దానిదే అయ్యేది. నేల కింద భాగం అయ్యాక యుద్ధమొచ్చింది, డబ్బు చాలలేదు, ఆపేశారు. దాని మీద 1960లలో వేరే ఆకారంలో కట్టారు, ఇప్పుడు కొండ మీద కనిపించేది అదే. ఊరు మారడం అంటే ఉన్నవి పోవడమే అనుకుంటాం, రావలసినవి రాకపోవడం కూడా అందులోదే. మన ఊళ్లో అలాంటివి ఎన్ని శంకుస్థాపన రాళ్లున్నాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీకు మీరుగా తెలుసుకుని వెళ్లాల్సిన ఒక విషయం, ఎందుకంటే దీనికి బోర్డు ఉంటుందో ఉండదో, మీరు మాంచెస్టర్‌లో ఉంటారు కాబట్టి మీకూ సంబంధం ఉంది. పత్తి. మాంచెస్టర్ చుట్టుపక్కల ఉన్న లాంకషైర్ మిల్లుల పత్తి దాదాపు అంతా లివర్‌పూల్ రేవులోనే దిగేది, అందులో ఎక్కువ భాగం అమెరికాలో బానిసలు పండించింది. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలై ఉత్తరాది వాళ్లు దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేసేసరికి ఇక్కడ మిల్లులు మూతపడ్డాయి, మీ మాంచెస్టర్ చుట్టుపక్కల లక్షలమంది పస్తులున్నారు. అప్పుడు వీళ్ల చూపు ఇండియా పత్తి మీద పడింది. బొంబాయి ఆ నాలుగేళ్లలో ఎలా వెలిగిందో అందరూ చెప్తారు, కానీ కాకినాడ రేవు కూడా ఆ పత్తితో పుంజుకుంది. అంతకు పదేళ్ల ముందే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల మీద పడవల్లో సరుకు కాకినాడ దాకా రావడం మొదలైంది. కాటన్ దొర కాలవల మీద కాటన్ వచ్చిందని మా హైస్కూల్ మాస్టారు జోకేసేవారు, మాకప్పుడు నవ్వు రాలేదు. తర్వాత పత్తి వ్యాపారుల భాషలో కొకనాడ అంటే ఊరి పేరు కాదు, ఒక రకం పత్తి పేరు! 1865లో యుద్ధం అయిపోగానే ధర పడిపోయింది, అది వేరే కథ. లివర్‌పూల్ రేవు గోడల పక్కన నడుస్తూ ఇది నాన్నగారికి చెప్పండి, ఆ గోడలు కొంచెం దగ్గరివి అవుతాయి. ఈ ఊరి డబ్బులో బానిస వ్యాపారం వాటా ఎంతో చూపించే మ్యూజియం పక్కనే ఆల్బర్ట్ డాక్ అనే పాత రేవులో ఉంది, దాన్ని 2025 మొదట్లో పెద్ద మరమ్మతులకి మూశారు, మీరు వెళ్లేసరికి తెరిచారేమో చూసుకోండి.

ఇంకో పోలిక. లివర్‌పూల్ మొదట్నుంచీ పెద్ద రేవు కాదు. పక్కనే చెస్టర్ ఉండేది, డీ నది మేట వేసి అక్కడికి ఓడలు రాలేకపోయేసరికి వ్యాపారం ఇటు జరిగింది. మనకి కోరంగి ఎలాగో వీళ్లకి చెస్టర్ అలాగ. కోరంగిలో ఓడలు కట్టేవాళ్లు, బర్మాకి వెళ్లే మనవాళ్లంతా ఎంతగా అటువైపు నుంచి వెళ్లారంటే రంగూన్‌లో తెలుగువాళ్ల పేరే కోరంగీలు అయిపోయింది. 1789లో, 1839లో వచ్చిన తుఫానులు, గోదావరి మేట, రెండూ కలిసి కోరంగిని ముంచేశాయి, కాకినాడ పెరిగింది. ఇప్పుడు కోరంగి అంటే పిల్లలకి మడ అడవుల్లో బోటు షికారు. చెస్టర్ అంటే ఇక్కడి వాళ్లకి జూ. వీలైతే ఇంకో రోజు చెస్టర్ కూడా వెళ్లండి, పాత రేవు గోడ పక్కన ఇప్పుడు గుర్రప్పందాలు ఆడతారు, ఓడలు నిలిచిన చోట గడ్డి!

రెండో అంతస్తులో చివర పెద్ద గాజు కిటికీ ఉంది, నది, దాని ఒడ్డున మూడు పెద్ద భవనాలు కనిపిస్తాయి. అందరూ అక్కడ ఫొటోలు దిగుతారు, మీరూ దిగండి, కానీ దిగాక ఓ పది నిమిషాలు కూర్చోండి. ఈ ఊరి జనాభా 1931లో ఎనిమిదిన్నర లక్షలు. 2001 నాటికి నాలుగు లక్షల నలభై వేలు. సగం! యుద్ధం బాంబులు కొంత, ఊరి బయట కట్టిన కొత్త కాలనీలకి జనాన్ని తరలించడం కొంత, అన్నిటికన్నా కంటెయినర్లు. ఇనప పెట్టెల్లో సరుకు వచ్చాక వందమంది చేసే పని క్రేను చేసేసింది, ఓడలు పెద్దవై, నది సముద్రంలో కలిసే చోట కట్టిన కొత్త రేవుకి వెళ్లిపోయాయి, ఊరి మధ్య రేవులు బురదతో పూడిపోయాయి. ఆల్బర్ట్ డాక్ 1972లో మూసేశారు, 1988లో హోటళ్లు, మ్యూజియాలతో మళ్లీ తెరిచారు. 2004లో ఈ రేవు ప్రాంతానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది, చుట్టూ కొత్త కట్టడాలు ఎక్కువైపోయాయని 2021లో తీసేసింది. ప్రపంచం మొత్తమ్మీద అలా హోదా పోగొట్టుకున్నవి అప్పటికి మూడే. నాకు నవ్వొచ్చేదేమిటంటే, పాత భవనాల చూపుకి అడ్డం వచ్చిందని ఊళ్లోవాళ్లు తిట్టుకున్న కొత్త కట్టడాల్లో ఈ మ్యూజియం కూడా ఒకటి. దాని ముందున్న ఫెర్రీ టెర్మినల్‌కి 2009లో బ్రిటన్‌లోకెల్లా వికారమైన కొత్త భవనమని ఆర్కిటెక్టుల పత్రిక ఒకటి ప్రైజే ఇచ్చింది. మా పక్కింటావిడ ఇక్కడే పుట్టి పెరిగింది, ఇప్పటికీ ఆ మ్యూజియంలోకి అడుగు పెట్టలేదు, "నా ఊరిని లోపల పెట్టి బయట దాన్ని కనపడకుండా చేశారు" అంటుంది. ఆవిడ మాటా కొట్టిపారేయలేను. నేను మాత్రం ఆ భవనం ఉండటమే మంచిదంటాను, లేకపోతే నాన్నగారి ఫ్రిజ్ కాగితం ఉండేది కాదు.

ఇక మీ రెండో మాట, మన కాకినాడ. మీ వీధి గుర్తుపట్టలేకపోవడం మీ తప్పు కాదు, నేను ప్రతి రెండేళ్లకీ వెళ్లినా తడబడతాను. సినిమా రోడ్డులో సినిమా హాళ్ల కోసం వెతుక్కోవాలి. భానుగుడి సెంటర్లో బోర్డులు మారే వేగం నేనందుకోలేను. 1997లో లోతు రేవు వచ్చాక పెద్ద ఓడలు ఒడ్డుకే వస్తున్నాయి, అయినా ఓడలు దూరంగా లంగరేసే పాత యాంకరేజి, బార్జీలు ఇంకా ఉన్నాయి, అది చాలామంది గమనించని అదృష్టం. 2016లో స్మార్ట్ సిటీల మొదటి ఇరవైలో మన ఊరు పడింది, 2022లో కాకినాడ పేరుతోనే జిల్లా వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే. ఉప్పాడ వైపు మాత్రం మార్పు అంటే కొత్త భవనం కాదు, ఊరే సముద్రంలోకి పోతోంది, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో.

దీనంతటికీ మనకో సిటీ మ్యూజియం లేదు. ఉన్నది ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం, జయంతి రామయ్య పంతులు గారు 1911లో మద్రాసులో మొదలుపెట్టిన పరిషత్తు తర్వాత కాకినాడ చేరింది, తాళపత్రాలు, శాసనాలు, నాణేలు ఉంటాయి. మంచి సంస్థ, తప్పకుండా వెళ్లండి, నేను ఊళ్లో ఉన్న ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు, లివర్‌పూల్ నుంచి వెళ్లాక చూశాను. కానీ అక్కడ బార్జీ ఉండదు, టాలీ పుస్తకం ఉండదు, వీధి కుళాయి ఉండదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఏమిటో చెప్తాను, నేను చేస్తున్నదే. మ్యూజియానికి వెళ్లే రోజు ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకోండి, నాన్నగారికి చెప్పే పెట్టండి, దొంగతనంగా వద్దు. "మన ఊరు ఎలా ఉండేది" అని అడక్కండి, జవాబు రాదు. వస్తువు గురించి అడగండి. మొదటి సైకిల్ ఎక్కడ కొన్నారు, జగన్నాథపురం వంతెన మీద సాయంత్రం ఎవరు కూర్చునేవాళ్లు, జీతం రోజున ఏం తెచ్చేవారు. అమ్మగారిని విడిగా అడగండి, ఇద్దరూ పక్కపక్కనుంటే నాన్నగారు మాట్లాడతారు, అమ్మగారు సరిదిద్దుతారు, అంతే మిగులుతుంది. ఇంటికొచ్చాక లాప్‌టాప్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల శాటిలైట్ ఫొటోలు చూపించే గడియారం గుర్తు నొక్కండి, ఉప్పాడ ఒడ్డు ఎంత వెనక్కి జరిగిందో, మీ వీధిలో ఏ పెంకుటిల్లు ఏ ఏడాది పోయిందో కనిపిస్తుంది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే అమెరికా సైన్యం 1950లలో వేయించిన ఇండియా పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైట్లో ఊరికే దొరుకుతాయి, వీధులు కనపడవు గానీ కాలవలు, ఏరు, తీరం గీత కనపడతాయి. మా నాన్నగారు ఆ పటం ముందు రెండు గంటలు కూర్చున్నారు, భోజనానికి పిలిస్తే "ఉండవే, ఈ కాలవ ఎక్కడ పూడ్చారో చూస్తున్నా" అని.

నా దగ్గర ఇప్పటికి పదకొండు గంటల రికార్డింగు ఉంది. నాన్నగారు 2019లో పోయారు. అందులో సగం దగ్గులు, టీవీ మోత, మధ్యలో అమ్మ కాఫీ తెచ్చే చప్పుడు. అవి కట్ చేద్దామని ఒకసారి కూర్చుని మళ్లీ మూసేశాను.

చివరిగా పనికొచ్చే ముక్కలు. సోమవారం పెట్టుకోకండి, సాధారణంగా మూసి ఉంటుంది, బయల్దేరే ముందు వాళ్ల సైట్లో వేళలు చూసుకోండి. పొద్దున్న పదింటికి తెరవగానే వెళ్తే ఓవర్‌హెడ్ పెట్టెలో చోటు దొరుకుతుంది, స్కూలు పిల్లలు పదకొండుకి దిగుతారు. వీల్‌చైర్ కావాలంటే ముందే అడిగి పెట్టుకోండి, లిఫ్టులు ఉన్నాయి. పులిహోర కట్టుకెళ్లండి, బయట నది పక్క బల్లల మీద తినొచ్చు, సీగల్స్ జాగ్రత్త, మా అమ్మ చేతిలో వడ ఎత్తుకుపోయింది ఒకటి. ఏ నెల అయినా సరే నాన్నగారికి మంకీ క్యాప్ మర్చిపోవద్దు, వద్దంటారు, అయినా బ్యాగులో పెట్టండి, పియర్ హెడ్ గాలికి ఆయనే అడిగి తీసుకుంటారు.